వైఫై తప్పా, లైను తప్పా?

ప్రశ్న: మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటితే పడక గదిలో 15 కూడా రాదు, వీడియో కాల్స్ తెగిపోతున్నాయి. కంపెనీవాళ్లు తమవైపు లోపం లేదంటున్నారు. రౌటర్ మార్చాలా?

జవాబు: అప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి, మిగతావన్నీ ఆపి, పగలు ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయండి. అలా మూడు రోజులు రాసిపెట్టుకోండి. కేబుల్ మీద కూడా రాత్రిపూట పడిపోతుంటే లోపం లైనులోనో, కంపెనీ దగ్గరి రద్దీలోనో ఉన్నట్టు. ఆ అంకెలు ముందు పెట్టి అడగండి, మాట దాటెయ్యలేరు.

కేబుల్ మీద 200 దగ్గర వస్తే వైఫైనే చూసుకోవాలి. మీ లక్షణాలు చూస్తే నాకు దీనిమీదే అనుమానం. వైఫై సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్ల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు (సిగ్నల్ వెళ్లే దారులు) 1, 6, 11 మాత్రమే. రాత్రి ఇరుగుపొరుగు రౌటర్లన్నీ వాటిమీదే పోటీపడతాయి. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. అది గోడలు దాటేసరికి బలహీనపడుతుంది కాబట్టి రౌటర్‌ను బీరువా వెనక నుంచి తీసి ఎత్తులో, ఇంటి మధ్యలో పెట్టండి.

ఇంకో మాట. మా ఇంట్లో ఒకసారి స్పీడు ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోయేది. మూడు వారాలు టెన్షన్ పడ్డాక తేలింది, కేబుల్‌లో ఒక తీగ తెగిందని. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్ లింకుకు, కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, లేకపోతే లింకు 100కి దిగిపోతుంది. మీకూ కేబుల్ టెస్టులో ఎప్పుడు చూసినా అలాగే 95 లోపే ఆగితే ముందు కేబుల్ మార్చి చూడండి.