నాన్న మిరప విత్తనాలు, నీ జెడ్ టెస్ట్

బంగారూ,

నువ్వు పంపిన ఫోటో, కింద రాసిన లెక్క రెండూ చూశాను. 400 మిరప గింజలు మొలక పెడితే 14వ రోజుకి 226 మొలిచాయి. సర్టిఫైడ్ మిరప విత్తనానికి మొలక శాతం కనీసం 60 ఉండాలి, పాకెట్ మీదా అదే ఉంది. మీ నాన్న షాపు మీదకి వెళ్తానంటున్నాడు, నీకేమో వచ్చే వారం ఇంటర్నల్స్‌లో ఇదే చాప్టరు. ముందు మీ నాన్నని కాస్త ఆగమను. 226 అంటే 56.5 శాతం, తక్కువే, కాదనను. కానీ విత్తనం నిఖార్సుగా 60 శాతందే అయినా ప్రతి 400లో లెక్కగా 240 మొలవవు కదా, ఒకసారి 248 వస్తాయి, ఇంకోసారి 231 వస్తాయి. ఆ మామూలు హెచ్చుతగ్గుల్లోనే 226 కూడా పడుతుందా, లేక వాటిని దాటి పోయిందా అన్నదొక్కటే నీ టెస్ట్ తేల్చేది.

అందుకని కాలిక్యులేటర్ ముట్టుకోకముందే హైపోథసిస్ రాయి. నల్ హైపోథసిస్, అంటే ముందు నిజమే అనుకుని పరీక్షించే మాట: ఈ లాట్ (ఒకే నంబరుతో వచ్చిన విత్తనం మొత్తం) మొలక నిష్పత్తి 0.60. ఆల్టర్నేటివ్, అంటే దానికి ఎదురు మాట: 0.60 కంటే తక్కువ. ఇక్కడ నిష్పత్తి అంటే మొత్తం లాట్‌ది, నీ ట్రేలోది కాదు. చాలామంది పిల్లలు హైపోథసిస్‌లో 0.565 రాసేసి మార్కులు పోగొట్టుకుంటారు. అది కళ్ల ముందు లెక్కపెట్టిన అంకె, దానికి మళ్లీ టెస్ట్ దేనికి? వన్ టెయిలా (ఒక వైపు తేడానే చూడటమా), టూ టెయిలా (రెండు వైపులా చూడటమా) అన్నది కూడా ప్రశ్నని బట్టే తేలాలి గానీ వచ్చిన అంకెని బట్టి కాదు. ఎక్కువ మొలిచాయని ఏ రైతూ గొడవకి పోడు, కాబట్టి ఇది వన్ టెయిల్, ఎడమ వైపు.

ఇప్పుడు నువ్వు తడబడ్డ చోటు. జెడ్ అంటే వచ్చిన తేడాని మామూలు ఊగుడుతో భాగించిన అంకె. ఆ ఊగుడు లెక్కలో వర్గమూలం లోపల 0.565 ఎందుకు పెట్టకూడదు, శాంపిల్‌లో వచ్చింది అదేగా అని అడిగావు. మంచి ప్రశ్న, దీన్ని పట్టుకుంటే చాప్టరంతా చేతికొచ్చినట్టే. టెస్ట్ చేస్తున్నంతసేపూ మనం పాకెట్ మీది మాట నిజమే అనుకుని లెక్క వేస్తాం. అది నిజమైతే 400 గింజల శాంపిల్‌లో నిష్పత్తి ఎంతవరకు ఊగుతుంది? ఆ ఊగుడు 0.60 నుంచే రావాలి. 0.60ని 0.40తో గుణించి 400తో భాగిస్తే 0.0006, దాని వర్గమూలం 0.0245. 0.565లోంచి 0.60 తీసేస్తే మైనస్ 0.035, దాన్ని 0.0245తో భాగిస్తే జెడ్ మైనస్ 1.43. నీ లెక్కలో మైనస్ 1.41 వచ్చింది, పెద్ద తేడా లేదు కాబట్టి రెండూ ఒకటేలే అనుకోకు. పది శాతం అన్న మాటని పరీక్షిస్తూ 100లో 15 వచ్చాయనుకో. 0.10 పెడితే జెడ్ 1.67, వన్ టెయిల్‌లో 5 శాతం స్థాయికి (నల్ నిజమైనా పొరపాటున తిరస్కరించే అవకాశం నూటికి ఐదు) గీత 1.645, అది దాటింది, నల్‌ని తిరస్కరించాలి. 0.15 పెడితే 1.40, తిరస్కరించలేం. తీర్పే తిరగబడింది చూశావా! గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1948లో ప్రచురించిన, నల్ నిజమనుకుని ఊగుడు లెక్కగట్టే స్కోర్ టెస్ట్‌ని నిష్పత్తికి వర్తింపజేస్తే వచ్చేది సరిగ్గా మీ పుస్తకంలోని ఫార్ములానే. నువ్వు శాంపిల్ అంకె పెట్టి వేసింది వాల్డ్ పద్ధతి. రావు గారు చిన్నప్పుడు మన నూజివీడులో, నందిగామలో కూడా చదువుకున్నారు, అక్కడి బళ్లో కూర్చున్న పిల్లాడు ప్రపంచానికి ఇచ్చిన లెక్కని నువ్వు ఇప్పుడు విజయవాడ హాస్టల్లో కూర్చుని వేస్తున్నావంటే నాకు నిజంగా ఎంతో సంతోషంగా ఉంటుంది.

సరే, మైనస్ 1.43 అనేది మైనస్ 1.645 దాకా పోలేదు. పి విలువ సుమారు 0.077. అంటే విత్తనం 60 శాతందే అయినా, నూటికి ఏడెనిమిది సార్లు ఇంత తక్కువో ఇంకా తక్కువో మొలిచే అవకాశం ఉంది. అంతేగానీ, విత్తనం మంచిదయ్యే అవకాశం 7.7 శాతం అని మాత్రం రాయకు, పేపరు దిద్దేవాళ్లకి ఒళ్లు మండేది అక్కడే. 5 శాతం స్థాయిలో నల్‌ని తిరస్కరించడానికి చాలినంత ఆధారం లేదు అని రాయి. నల్ నిజమని తేలింది అని రాయొద్దు, ఎందుకంటే తేలలేదు. నీ 400 గింజల టెస్ట్‌లో 223 గానీ అంతకంటే తక్కువ గానీ మొలిస్తేనే తిరస్కరిస్తాం. లాట్ నిజంగా 56.5 శాతందే అయితే అలా పట్టుబడేది నూటికి నలభై సార్లే, మిగతా అరవై సార్లు షాపు వాడు తప్పించుకుంటాడు. అదే 1000 గింజలు పెట్టి 565 మొలిచుంటే జెడ్ మైనస్ 2.26 అయ్యేది, తిరస్కరించే వాళ్లం. శాతం అదే, బలం వేరు.

ఇంతకీ నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది నీ లెక్క కాదు, ఆ ఫోటో. ట్రేకి కుడి వైపు మూల తెల్లగా బూజు పట్టింది, అక్కడ వరసగా ఒక్కటీ మొలవలేదు. ఈ ఫార్ములా పనిచేయాలంటే ఒక గింజ మొలవడానికీ పక్కది మొలవడానికీ సంబంధం ఉండకూడదు. బూజు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకితే అవి కలిసి చచ్చినట్టే, అప్పుడు పేరుకే 400 గానీ వాటిలో ఉన్న సమాచారం అంతకంటే తక్కువ. విత్తన పరీక్ష కేంద్రాల్లో 400 గింజల్ని ఒకేచోట పొయ్యకుండా వందేసి చొప్పున నాలుగు భాగాలుగా పెడతారు. మూడింట్లో అరవైల్లో వచ్చి ఒక్కదాంట్లో నలభై వస్తే తప్పు విత్తనానిదా ఆ భాగానిదా అని అనుమానించి మళ్లీ చేస్తారు. ఇంకో మాట, ఆ 400 గింజలూ ఒకే పాకెట్‌లోంచి తీశావా? అలాగైతే నువ్వు ఆ పాకెట్ గురించి చెప్పగలవు గానీ లాట్ గురించి కాదు. మీ క్లాసువాళ్ల హెల్మెట్ సర్వేది కూడా ఇదే గొడవ, బెంజ్ సర్కిల్‌లో ట్రాఫిక్ పోలీసుల పక్కన నిలబడి లెక్కపెట్టి విజయవాడలో హెల్మెట్ పెట్టుకునేవాళ్ల శాతం ఇంత అంటే ఎలా? జెడ్ ఎంత బాగా వేసినా అది పనికిరాదు.

శాంపిల్ సైజు షరతు ఒక లైనులో రాసెయ్యి: 400 ఇంటూ 0.60 అంటే 240, 400 ఇంటూ 0.40 అంటే 160, రెండూ 10 దాటాయి కాబట్టి నార్మల్ (గంట ఆకారపు వక్రరేఖ) లెక్క చెల్లుతుంది. గింజలు ఏ ఇరవయ్యో ఉంటే జెడ్ జోలికి పోకుండా నేరుగా బైనామియల్‌తో (మొలిచింది, మొలవలేదు అనే రెండే ఫలితాలున్న లెక్కతో) చెయ్యి.

ఈ ఆదివారం మీ ఊరు వెళ్లినప్పుడు అదే లాట్ నంబరున్న పాకెట్లు నాలుగైదు తీసుకుని, అన్నిట్లోంచీ కలిపి 1000 గింజలు తియ్యి, వందేసి చొప్పున పది ట్రేల్లో విడివిడిగా పెట్టు. పెట్టే రోజే నోట్‌బుక్‌లో తేదీ వేసి హైపోథసిస్, 5 శాతం స్థాయి రాసుకో. పాత 226ని ఇందులో కలపొద్దు, అది చూశాకే కదా ఈ రెండో టెస్ట్ పెడుతున్నాం. మీ నాన్నకి ఫోన్ చేసి షాపు బిల్లు, ఖాళీ పాకెట్లు పారేయొద్దని ఇవాళే చెప్పు.

నీ పెద్దమ్మ,
బ్రాడీపేట, గుంటూరు