నాన్నగారి మతిమరుపుకు వ్యాయామం సరే, ఆ నిద్ర మాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: మా నాన్నగారికి 81 ఏళ్లు. ఏడాదిగా బాగా చిక్కిపోయారు, నడిస్తే తూలుతున్నారు. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. వ్యాయామం చేస్తే మెదడు చురుగ్గా ఉంటుందంటున్నారు. రోజూ పార్కుకి తీసుకెళ్లి ఎంతసేపు నడిపించాలి? గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నారు. రెండు నెలల కిందట బాత్రూమ్‌లో జారిపడ్డారు గానీ దెబ్బలేం తగల్లేదు. నిద్ర పట్టడం లేదంటే మెడికల్ షాపులో అడిగి అల్ప్రాజొలం వేస్తున్నాం.
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

డాక్టర్ సలహా: పార్కు సంగతి తర్వాత చూద్దామమ్మా. మీరు చివర్లో రాసిన రెండు విషయాలే నన్ను కంగారు పెడుతున్నాయి.

పెద్దవయసులో తలకు చిన్న దెబ్బ తగిలినా, ఒక్కోసారి మెదడు పైపొరల కింద సన్నటి సిర చిట్లి, వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తం చేరుతుంది. పైకి బొప్పి కూడా కట్టకపోవచ్చు. ఆస్పిరిన్ వాడేవారిలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. మతిమరుపు, తూలడం దానివల్లా రావచ్చు. మీ నాన్నగారికి అదే జరిగిందని అనడం లేదు, చూడకుండా చెప్పలేను. ఒకటి రెండు రోజుల్లో న్యూరాలజిస్టుకు చూపించి, సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. వాంతులు, విడవని తలనొప్పి, మగత, ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక ఆ మాత్ర. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు అది. షాపతను ఇచ్చాడు, మీరు వేశారు! ఈ వయసులో అల్ప్రాజొలం వల్ల తూలు, మతిమరుపు రెండూ పెరుగుతాయి. రాత్రి మూత్రానికి లేచి, ఆ మత్తులో బాత్రూమ్‌లో పడేవాళ్లను చూస్తూనే ఉంటాం. అలాగని ఇవాళే ఠక్కున మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. కొన్ని జలుబు, దురద మాత్రలూ ఇలాగే మబ్బు కమ్మిస్తాయి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవి సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. చిక్కిపోవడాన్ని వయసు మీదకి నెట్టేయకండి. షుగర్, థైరాయిడ్, బి12 పరీక్షలతో మొదలుపెడతారు.

వ్యాయామానికొస్తే, అమెరికాలో 70-89 ఏళ్ల 1,635 మందిపై ‘లైఫ్’ అధ్యయనం జరిగింది. రెండేళ్ల తర్వాత చూస్తే, వ్యాయామం చేసినవారికీ ఆరోగ్య పాఠాలు విన్నవారికీ మెదడు పనితీరులో మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే 80 దాటినవారిలో, మొదటినుంచీ శరీరం బలహీనంగా ఉన్నవారిలో ఆలోచించి ఒక పద్ధతిలో పని చేసుకునే శక్తి కొంత మెరుగ్గా కనిపించింది. అంటే మీ నాన్నగారిలాంటివారికి ప్రయత్నించదగ్గదే. మతిమరుపు పోతుందని మాత్రం ఆశపెట్టుకోకండి.

పార్కులో ఓపెన్ జిమ్ యంత్రాల జోలికి ఇప్పుడే వద్దు. చేతులున్న కుర్చీని గోడకు ఆనించి, ఐదుసార్లు లేచి కూర్చోమనండి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, మీరు పక్కన ఉండగా కారిడార్‌లో కాసేపు నడవడం చాలు. హవాయి చెప్పులు వద్దు. చారన్నంతో కండ పట్టదు, కిడ్నీ సమస్య లేకపోతే గుడ్డు, పప్పు, పెరుగు పెంచండి. ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించి నేర్పిస్తే ఇంకా మంచిది. ఇదంతా న్యూరాలజిస్టు చూసి సరేనన్నాకే మొదలుపెట్టండి.