వన్నికి వెళ్తున్న చిట్టికి

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి శ్రీలంక ఉత్తరాన వన్ని ప్రాంతంలో, ముల్లైత్తీవు వైపు, యుద్ధంలో ఇల్లూ ఊరూ పోయినవాళ్ల పునరావాస పనిలో నీ ఉద్యోగమని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ ఊళ్లలో నేను మూడేళ్లు తిరిగాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వాళ్ల ఇంట్లో అడుగుపెట్టగానే యుద్ధంలో ఏం జరిగిందని అడగకు తల్లీ. 2009 మేలో యుద్ధం ముగిసినప్పటి నుంచి వచ్చిన ప్రతి ఆఫీసరుకూ అదే చెప్పి చెప్పి అలిసిపోయారు వాళ్లు. మొదట్లో నేనూ అడిగాను. ఒకావిడ ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి, ముడి వేసిన ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. అందులో కొడుకు ఫొటో, క్యాంపులో ఇచ్చిన కార్డు, నీళ్లకి తడిసి అక్షరాలు చెదిరిన భూమి పర్మిట్. షెల్లింగ్‌లో వంటగిన్నెలు కూడా వదిలేసి పరుగెత్తిన మనిషి ఆ కవరు మాత్రం వదల్లేదు. ఆ తర్వాత నేను ఏ ఇంటికి వెళ్లినా, ముందు కాగితాల గురించే అడిగేదాన్ని.

రికార్డులో 'పునరావాసం పూర్తి' అని కనిపిస్తే నమ్మెయ్యకు. యుద్ధంలో ఊళ్లు వదిలినవాళ్లను ఉంచిన మెనిక్ ఫామ్ క్యాంపు 2012 సెప్టెంబరులో మూసేశారు. చివరగా బయటికొచ్చిన కేప్పాపులవు ఊరివాళ్లను సొంతూరికి కాకుండా వేరే చోటికి పంపారు. అప్పటికి వాళ్ల భూముల్లో సైన్యం ఉంది మరి. 2017లో అక్కడి ఆడవాళ్లు పిల్లలతో సహా ఆ భూముల కోసం రోడ్డు పక్కనే కూర్చుని పోరాడారు. అందుకే ప్రతి మనిషినీ, ఈ రాత్రి నువ్వు పడుకునేది ఎవరి నేల మీద అని అడుగు.

భర్తో బిడ్డో కనిపించకుండా పోయినవాళ్లకు, డెత్ సర్టిఫికెట్ తీసుకుంటే పని సులువని ఎప్పుడూ చెప్పకు. ఆ కాగితం తీసుకోవడమంటే మనిషి పోయాడని తామే ఒప్పుకున్నట్టు వాళ్లకు. 2016లో చట్టం మార్చారు, మనిషి కనిపించడం లేదని వేరే సర్టిఫికెట్ ఇస్తారు. దానితో ఆస్తి, పిల్లల వ్యవహారాలు చూసుకోవచ్చు. ఈ సంగతి విడమర్చి చెప్పు. తీసుకోవడమా మానడమా అన్నది వాళ్ల ఇష్టం.

ముస్లిం కుటుంబాలను మర్చిపోకు. 1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ పులులు వాళ్లను ఉత్తరాది నుంచి వెళ్లగొట్టారు, డెబ్బై వేల మందికి పైగా. చాలామంది పశ్చిమ తీరంలోని పుత్తళంలో తలదాచుకున్నారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలతో ఇప్పుడు తిరిగొస్తే, తిరిగొచ్చినవాళ్ల లిస్టు రాసేవాళ్లు 'మీది పుత్తళం కదా' అనేస్తారు. నీ లిస్టులో అలా జరగకుండా చూడు.

ఇంకొకటి. అలాంటి కవరులోని కాగితాలు జిరాక్స్ తీయించాలంటే ఆ కాగితాల మనిషిని వెంటబెట్టుకుని వెళ్లు. ఒరిజినల్స్ ఒక్క రాత్రయినా నీ దగ్గర ఉంచుకోకు.

ఇట్లు,
పెద్దమ్మ