వార్డు ఇన్‌చార్జి అయిన మా పాపకి

పాపా,

నిన్ను ఇన్‌చార్జి సిస్టర్‌ని చేసినారని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత సంతోషపడ్డానో. వారం తిరక్కముందే ఏడుపు గొంతుతో నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ కూడా విన్నా. స్టాఫ్ మాట వినరు, డ్యూటీ డాక్టర్లు అరుస్తారు, మలయాళం సిస్టర్లు ఒక గుంపు మనోళ్లు ఒక గుంపు, ఆయమ్మలు పిలిస్తే పలకరు. 33 ఏళ్లు ఈ తిరుపతిలోనే చేసినా కదా, ఇవన్నీ నాకు కొత్త కాదులే. నువ్వేమో వాళ్లని ఎట్లా దారికి తేవాలని అడిగినావు, నేను చెప్పేది వేరే.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్తా, ఇది మీ అమ్మకి కూడా తెలీదు. అప్పట్లో నేను చేసే ఆస్పత్రిలో 11వ బెడ్‌లో పీలేరు నుంచి వచ్చిన తాత ఒకాయన ఉండినాడు, షుగర్ పేషెంటు. నైట్ సిస్టర్ పొద్దున ఇన్సులిన్ వేసేసింది, బస్సు టైమ్ అయిపోతాందని నాకు ఓవర్ ఇచ్చేటప్పుడు, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పేటప్పుడు, "అంతా ఓకే అక్కా" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత కడుపు స్కానింగ్ ఉంది, ఏం తినొద్దని తాతకి ఎవరో చెప్పినారు. స్కానింగ్ దగ్గర లేటు, ఆ సంగతి అక్కడి బాయ్‌కి తప్ప ఎవురికీ తెలీదు. ఎనిమిదిన్నరకి ఊడుస్తా ఉన్న ఆయమ్మ నా దగ్గరికొచ్చి "సిస్టరమ్మా, 11లో తాత ఇడ్లీ పొట్లం విప్పనే లేదు, మనిషి ఒక మాదిరిగా ఉండాడు" అనింది. నేను కేస్ షీట్లు రాసుకుంటా తలకాయ కూడా ఎత్తకుండా "నీ పని నువ్వు చూస్కో" అన్నా. కొంచేపటికి పక్క బెడ్ ఆమె కేకేసింది. పోయి చూస్తే చొక్కా అంతా చెమటతో తడిసి ముద్దైంది, పిలిస్తే పలకడు, షుగర్ చూస్తే 38కి పడిపోయింది, ఇన్సులిన్ వేసినాక ఏం తినకపోతే అంతే కదా. 25 శాతం డెక్స్‌ట్రోజ్ నరానికి ఎక్కించినాక కళ్లు తెరిచినాడు, తెరవంగానే ఇడ్లీ అడిగినాడు పాపం.

ఇన్సులిన్ సంగతి ఒకరికి తెలుసు, లేటు సంగతి ఒకరికి తెలుసు, ఇడ్లీ సంగతి ఒకరికి తెలుసు. ముగ్గురివీ కలిసుంటే అది జరగదు. అవి కలిసే చోటు నేను, నేనే ఆమె నోరు మూయించినా. తర్వాత చానా నెలలు ఆ ఆయమ్మ నాకు ఏమీ చెప్పలేదు, అడిగితే "నాకేం తెలుసమ్మా" అనేది. నీ ఆయమ్మలు పలకరంటే, నీకంటే ముందు ఎవరో వాళ్లని ఇట్లా అనుంటారు.

అందుకే మొదట ఓవర్ సంగతి సరిచెయ్. కౌంటర్ దగ్గర నిలబడి బుక్ చదివేస్తే కుదరదు, బెడ్ బెడ్‌కీ నడవండి, ఆయమ్మని కూడా వెంట తీసుకుపో, చివర్లో "ఇంకేమైనా చూసినావా" అని ఆమెని పేరు పెట్టి అడుగు. పుత్తూరు, నగరి పక్కనుంచి వచ్చే పేషెంట్లు తమిళంలో చెప్పేది మనకంటే ఆయమ్మలకే బాగా తెలుస్తాది.

పేరు అంటే గుర్తొచ్చింది, ఆపరేషన్ థియేటర్లకని డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు 2008లో 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చినారు కదా, కత్తి పెట్టే ముందు అందరూ పేరూ, చేసే పనీ చెప్పుకోవాలని అందులో ఉంది. 8 ఊర్లలో, మన ఢిల్లీ కూడా ఒకటి, పెట్టి చూస్తే ఆపరేషన్ తర్వాత చావులు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గినాయి. పేర్లు చెప్పుకున్నందుకే తగ్గినాయని నేననను, కానీ పేరు తెలిసిన మనిషిని ఆపడానికి నోరు వస్తాది.

డాక్టర్లు అరుస్తారంటావా, సగం మన తప్పే. రాత్రి రెండింటికి ఫోన్ చేసి "సార్, పేషెంట్ బాలేదు" అంటే ఎవరికైనా ఒళ్లు మండుతాది. ఏ బెడ్, ఇప్పుడేమైంది, ముందు కథ ఏంది, నాకేమనిపిస్తాంది, మీరేం చెయ్యాలి, ఈ వరసలో చెప్పాల. దీన్నే ఎస్‌బార్ అని మీకు ట్రైనింగ్‌లో చెప్పుంటారు, అమెరికా జలాంతర్గాముల్లోనుంచి ఆస్పత్రులకొచ్చిన పద్ధతి అది. "మీరొచ్చి చూడాల సార్" అనే చివరి మాట మనోళ్లు మింగేస్తారు, అది మింగనీకు. ఫోన్‌లో చెప్పిన డోసు తిరిగి చదివి వినిపించి, సరే అన్నాకనే ఇవ్వమను.

పేషెంట్ వాళ్ల ముందర ఎవురినీ తిట్టొద్దు. డాక్టర్ తిట్టినా అక్కడ ఎదురు మాట్లాడకుండా, పని అయినాక రూంలోకి పోయి "సార్, నా స్టాఫ్‌ని మీరు నాతో అనండి" అని మెల్లిగా చెప్పు. ఒకసారికి వినరు, మూడోసారికి వింటారు.

గుంపుల గొడవ మాత్రం ఊరికే మాటలతో పోదు, దాని వేరు డ్యూటీ లిస్టులో ఉంటాది. ఓణం రోజు వాళ్లకీ, బ్రహ్మోత్సవాలకి మనోళ్లకీ ఎన్నేళ్లుగా నైట్ పడతాందో పాత లిస్టులు తీసి చూడు, ఎవరి కోపం యాడిదో అర్థమవుతాది. నైట్లు వంతులేసి లిస్టు గోడకి అతికించు, ఒకరు సిఫారసు చేసినారని మార్చొద్దు, నేనే ఫోన్ చేసినా సరే.

మే నెలలో గంగమ్మ జాతర వస్తాది కదా, ఆ వారం లిస్టులో నైట్ డ్యూటీ కింద ముందు నీ పేరు రాసుకో, తర్వాతే మిగతావాళ్లది. నేను పొంగలి డబ్బాలో పెట్టుకొని ఆస్పత్రి గేటు కాడికొచ్చి ఫోన్ చేస్తా, ఆ ఆయమ్మలకి కూడా సరిపోయేట్టు తెస్తాలే.

మీ పెద్దమ్మ