క్యాష్‌లెస్ ఆగిందని కీమో ఆపకండి

ప్రశ్న: మాది గుంటూరు. మా పిన్నికి 56 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ అని తేలింది. విజయవాడలో వైద్యం చేయిస్తున్నాం, 21 రోజులకోసారి కీమో. ఆమెకు 2018లో 3 లక్షల హెల్త్ పాలసీ తీసుకుని ఏటా రెన్యువల్ చేస్తున్నాం. రెండేళ్ల కిందట 5 లక్షలకు పెంచాం. మొదటి కీమోకు క్యాష్‌లెస్ అడిగితే ‘షుగర్ ఎప్పటి నుంచి ఉంది, పాత చీటీలు పంపండి’ అంటూ క్వెరీ మీద క్వెరీ వేసి పెండింగ్‌లో పెట్టారు. ఆ బిల్లు మేమే కట్టాం. పాలసీ తీసుకున్నప్పుడు షుగర్ సంగతి రాశామో లేదో గుర్తు లేదు. రెండో కీమో వచ్చే వారమే. తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు ఇస్తామంటున్నారు. నా పేరున 4 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ అది అమ్మాయి చదువుకని దాచింది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఒక మాట. క్యాష్‌లెస్, అంటే కంపెనీయే ఆసుపత్రికి నేరుగా బిల్లు కట్టడం, రాలేదంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. ఆ వెసులుబాటు ఇవ్వకపోయినా మీరు బిల్లు కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంట్ అడిగే హక్కు అలాగే ఉంటుంది. చాలా ఇళ్లలో ఈ తేడా తెలియకే కీమో తేదీ వాయిదా వేస్తారు. అది మాత్రం చేయకండి. తేదీ డాక్టరు చెప్పినట్టే జరగాలి, డబ్బు సంగతి దాని వెనక నడవాలి.

రెండు రూపాయల వడ్డీకి తీసుకోవద్దు. 2 లక్షలకు నెలకు 4,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఎఫ్‌డీని రద్దు చేయకుండానే దాని మీద మీ బ్యాంకులో లోన్ తీసుకోండి. మామూలుగా మీకు ఎఫ్‌డీపై వచ్చే వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు. 8 శాతం అనుకున్నా నెలకు 1,350 లోపే. ఓవర్‌డ్రాఫ్ట్‌గా పెట్టించుకుంటే వాడుకున్నంత మేరకే వడ్డీ. క్లెయిమ్ డబ్బు వచ్చిన రోజే అందులో జమ చేసేయండి, అమ్మాయి చదువు డబ్బు చెక్కుచెదరదు. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐల జోలికి వెళ్లకండి. ఆసుపత్రి వాళ్లు అన్ని కీమోలకూ కలిపి ఒకేసారి డిపాజిట్ అడిగితే, ఏ విడతకు ఆ విడత కడతామని చెప్పండి.

ఇక అసలు చిక్కు, క్వెరీలు. కీమో డేకేర్ చికిత్స. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసినా పాలసీ వర్తిస్తుంది, 24 గంటలు అడ్మిట్ అయి ఉండాల్సిన పనిలేదు. కానీ విడత విడతకూ కొత్తగా అనుమతి అడగాల్సి వస్తుంటుంది. మొదటిసారి తేలని క్వెరీ ప్రతి 21 రోజులకూ మళ్లీ లేస్తుంది. అందుకే దాన్ని ఇప్పుడే తేల్చేయాలి.

క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జి బిల్లుకు మూడు గంటల్లో ఆమోదం ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఆదేశించింది. పత్రాలు కావాలంటే ఆసుపత్రి నుంచి తెప్పించుకోవాల్సింది కూడా కంపెనీ, దాని తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ (టీపీఏ)లే. ఈ మాట ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర నోటితో అంటే పని జరగదు, ఈమెయిల్‌లో రాయండి. పాలసీ నంబరు, ప్రీఆథ్ (ముందస్తు అనుమతి) నంబరు, ఏ తేదీన ఏ క్వెరీ వచ్చింది, ఎప్పుడు జవాబిచ్చారు, అన్నీ ఒకే మెయిల్‌లో వరుసగా. ఆసుపత్రి పంపిన జవాబుల కాపీలు అడిగి తీసుకోండి. ‘పంపేశామండీ’ అన్న మాటకు రుజువు ఉండదు.

చికిత్స చేస్తున్న డాక్టరు దగ్గర ఒక చిన్న సర్టిఫికెట్ తీసుకోండి. గడ్డను మొదట ఎప్పుడు గమనించారు, మామోగ్రామ్ ఎప్పుడు, బయాప్సీలో నిర్ధారణ ఎప్పుడు, షుగర్ ఎంతకాలంగా ఉంది, దానికీ ఈ జబ్బుకూ ఏమైనా సంబంధం ఉందా అన్నది అందులో ఉండాలి. దాంతోపాటు మొదటి ఓపీ చీటీని మీరే ఒకసారి చదవండి. హడావుడిలో ‘5 నెలలుగా గడ్డ’ అనాల్సింది ‘5 ఏళ్లుగా’ అని పడితే చాలు, పాత జబ్బు దాచారంటూ ఫైలు ఆగిపోతుంది. అలాంటి పొరపాటు కనిపిస్తే డాక్టరు చేతే సరిచేయించి, సంతకం, తేదీ వేయించండి.

షుగర్ రాశామో లేదో అన్న భయం గురించి. పాలసీ 60 నెలలు ఆగకుండా నడిస్తే, ఆ తర్వాత ‘వివరాలు దాచారు’ అన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చడానికి వీల్లేదు. మోసం జరిగిందని కంపెనీ రుజువు చేస్తేనే తప్ప. మీది 2018 నాటిది కాబట్టి మొదటి 3 లక్షలకు ఈ రక్షణ పూర్తిగా ఉంది. పెంచిన 2 లక్షలకు మాత్రం లెక్క పెంచిన తేదీ నుంచే మొదలవుతుంది, ఆ భాగంపై వాళ్లు ప్రశ్నలు అడగొచ్చు. మెయిల్‌లో ఈ రెంటినీ విడదీసి రాయండి. పెంచిన మొత్తంపై సందేహం ఉంటే దాన్ని విడిగా చూసుకోండి, పాత 3 లక్షల నుంచి ఈ బిల్లు ఇవ్వడానికి అడ్డేమిటో రాతపూర్వకంగా చెప్పండి అని అడగండి.

జవాబు రాకపోతే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి, దాంతోపాటు ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. 155255కు ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. నెల దాటినా స్పందన లేకున్నా, తిరస్కరించినా బీమా వివాదాలు తీర్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రాష్ట్రానికి హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

మొదటి కీమో బిల్లులు ఒరిజినల్స్‌తో వెంటనే రీయింబర్స్‌మెంట్‌కు పెట్టండి. బయాప్సీ, స్కాన్ల బిల్లులు కూడా పారేయకండి. అడ్మిషన్‌కు ముందు ఇన్ని రోజుల ఖర్చులు ఇస్తామని పాలసీలోనే ఉంటుంది, చూసుకోండి. ఆపరేషన్ అప్పుడు గది అద్దె పరిమితి దాటకండి. దాటితే అద్దె తేడాతో ఆగదు, సర్జన్ ఫీజు లాంటివాటిలో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది.

ఆపరేషన్, రేడియేషన్ కలిపితే 5 లక్షలు చాలకపోవచ్చు. పిన్నికి బియ్యం కార్డు ఉంటే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో అర్హత గురించి ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను ఇప్పుడే అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. పాలసీ డబ్బు అయిపోయాక పరుగెత్తడం కంటే ముందే తెలుసుకోవడం నయం. మీ ఊళ్లోనే ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో క్యాన్సర్ విభాగం ఉంది. రేడియేషన్‌కు రోజూ వెళ్లాల్సి ఉంటుంది కాబట్టి, ఆ దశ వచ్చేసరికి అక్కడ సాధ్యమేమో మీ డాక్టరుతో మాట్లాడండి. రోజూ విజయవాడ ప్రయాణం తప్పితే పిన్నికి ఒంట్లో ఓపిక మిగులుతుంది.

రెన్యువల్ తేదీ ఎప్పుడో ఇవాళే చూసి, గడువుకు ముందే కట్టేయండి. క్లెయిమ్ చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్ కాదనలేదు. కోపంతో ఈ పాలసీ మానేస్తే మాత్రం, క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం.