హత్రా లిపిలో ‘ద’కూ ‘ర’కూ ఒకటే కోడ్ ఎందుకు?

అంతరించిపోయిన హత్రా లిపిలో దాలెత్ (‘ద’), రేష్ (‘ర’) అనే రెండు అక్షరాలకు, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ ఒకే కోడ్ ఇవ్వడం తప్పు కాదా అని అడిగారు. అస్సలు కాదు. నా దృష్టిలో యూనికోడ్ వాళ్లు చేసిన మంచి పనుల్లో అదొకటి. ఆ అక్షరంతో ఒక రాత్రంతా కుస్తీ పట్టాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చదువుకునే రోజుల్లో, ఉత్తర ఇరాక్‌లోని హత్రా శాసనాలు కొన్ని టైప్ చేసే పని నాకు అప్పగించారు. మొదటి మాటే ‘ద్-క్-య్-ర్’. ‘స్మరణలో ఉండుగాక’ అని దాని అర్థం, ఆ రాళ్ల మీద పదేపదే కనిపిస్తుంది. ‘ద’ దొరికింది. ‘ర’ కోసం వెతికితే యూనికోడ్ పట్టికలో అది ఉండాల్సిన 108ఎఫ్3 గడి ఖాళీ. ఫాంట్ పాడైందనుకుని రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. ఒకటే టెన్షన్. పొద్దున్నే మా మేడమ్ శాసనం ఫొటో తీసి, మధ్యలో ఉన్న రెండు అక్షరాలనూ వేలితో మూసి, “ఇప్పుడు ‘ద’ ఏదో ‘ర’ ఏదో చెప్పమ్మా” అన్నారు. వెంట్రుకవాసి తేడా లేదు! మాట తెలుసు కాబట్టి చదివేస్తున్నాం, అంతే. అదే రాయి విరిగి, ఎవరిదో పేరు సగమే మిగిలితే? రెండు కోడ్‌లు ఉంటే అది ‘ద’నో ‘ర’నో టైప్ చేసేవాళ్లే తేల్చేస్తారు. తర్వాత చదివేవాళ్లు రాతి మీదే అలా ఉందనుకుంటారు.

సిరియాలోని పాల్మైరా అనే పాత నగరపు లిపిలో రెండూ వేరువేరుగా ఉన్నాయి కదా అంటారు. అక్కడ చాలాచోట్ల ‘ర’ మీద చుక్క పెట్టేవారు, తేడా కంటికి కనబడేది. మన తెలుగులోనూ అంకె సున్నా, అనుస్వారం చూడటానికి ఒకటే అయినా కోడ్‌లు రెండు. నిజమే, కానీ ఏది రాస్తున్నామో రాసే మనకు తెలుసు. అయినా జాగ్రత్త ఉందా? ఒక గ్రంథాలయం కేటలాగ్‌లో ‘వేంగి’ అని వెతికితే ఒక్క పుస్తకమూ రాలేదు. ఎవరో అనుస్వారం బదులు అంకె సున్నా కొట్టారు! దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు.

హత్రా వాళ్లను అడుగుదామంటే ఆ ఊరు క్రీస్తుశకం 240 ప్రాంతంలోనే పర్షియాను ఏలిన ససానియన్ల చేతిలో పడిపోయింది. 2015లో ఐసిస్ అక్కడి శిల్పాలను సుత్తులతో పగలగొట్టింది, చూస్తే కడుపు తరుక్కుపోయింది. అదే ఏడాది జూన్‌లో యూనికోడ్ 8.0లో ఈ లిపి చేరింది. మన పాత తెలుగు శాసనాల్లోని ‘ౚ’ అనే అక్షరం కూడా ఆ విడతలోనే వచ్చింది.

కాబట్టి మీరు టైప్ చేసేటప్పుడు రెండుచోట్లా ఆ ఒక్క అక్షరమే కొట్టండి. ‘ద’ అని చదివారో, ‘ర’ అని చదివారో కింద తెలుగులో విడిగా రాసి పెట్టండి.