పెద్దవాళ్ల మతిమరుపు: ముందు వెతకాల్సింది లోపం, ఆ తర్వాతే తిండి

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. పూర్తి శాకాహారి. రెండు మూడేళ్లుగా పాలు, పెరుగు కూడా మానేసింది. ఆరు నెలలుగా చెప్పిందే మళ్లీ చెబుతోంది, పొయ్యి మీద గిన్నె పెట్టి మరచిపోతోంది. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటోంది. షుగరుకు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది, రోజూ పొద్దున ఎసిడిటీ మాత్ర కూడా వేసుకుంటుంది. జ్ఞాపకశక్తికి ఏం తినిపించాలి?

జవాబు: ఏం తినిపించాలన్నది తర్వాత చూద్దాం, ముందు రక్తంలో విటమిన్ బి12 ఎంతుందో పరీక్ష చేయించండి. మీరు రాసినవన్నీ, అంటే పాలు మానడం, మెట్‌ఫార్మిన్, ఎసిడిటీ మాత్ర, అరికాళ్ల తిమ్మిరి, అన్నీ అటువైపే చూపిస్తున్నాయి. పెద్ద వయసు మతిమరుపుల్లో చికిత్సతో వెనక్కి మళ్లించగలిగినవి కొన్నే ఉన్నాయి. వాటిలో ఇదొకటి కాబట్టి దీన్ని వదిలేసి బాదంపప్పుల వెంట పడితే విలువైన నెలలు చేజారిపోతాయి.

ఆహారంలో బి12 ప్రోటీనుకు అంటుకుని ఉంటుంది. కడుపులోని ఆమ్లం దాన్ని విడదీయాలి. తర్వాత కడుపు గోడల్లోనే తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్తే, అక్కడ రక్తంలోకి చేరుతుంది. వయసు పైబడినకొద్దీ చాలామందిలో కడుపు లోపలి పొర పలచబడి ఆమ్లం తగ్గుతుంది. ఎసిడిటీ మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మెట్‌ఫార్మిన్ పేగు దగ్గర అడ్డుపడుతుంది. అందుకే గుడ్లు, పాలు తీసుకునేవాళ్లలో కూడా లోపం కనిపిస్తుంది. కాలేయంలో ఈ విటమిన్ నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది కాబట్టి, తినడం మానిన వెంటనే ఏమీ తెలియదు. నిల్వ కరిగాక బయటపడేసరికి కారణం ఎవరికీ గుర్తుండదు.

పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 2.4 మైక్రోగ్రాములు. 250 మిల్లీలీటర్ల పాలలో దాదాపు ఒక మైక్రోగ్రాము పైన, ఒక గుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము ఉంటుంది. ఆకుకూరలు, పప్పులు, గింజలు ఎంత మంచివైనా వాటిలో బి12 ఉండదు. స్పిరులినా అనే నాచు పొడిలో ఉందని అమ్ముతుంటారు, కానీ అందులో ఎక్కువగా ఉన్నది మన శరీరానికి పనికిరాని రూపం.

పరీక్షకు ముందే బి12 మాత్రలు మొదలుపెట్టకండి, అంకె పెరిగిపోయి అసలు సంగతి మరుగున పడుతుంది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానాస్పదం, అప్పుడు బి12 తక్కువైతే రక్తంలో పెరిగే మిథైల్ మెలోనిక్ ఆమ్లం పరీక్ష తేలుస్తుంది. ఒక ముఖ్యమైన జాగ్రత్త: రక్తహీనత ఉందని ఒట్టి ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేయకండి. రక్తం మెరుగుపడినట్టే కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగిపోతూనే ఉంటుంది.

లోపం తేలితే తిండితో పూడ్చాలని చూడొద్దు. పీల్చుకునే దారే దెబ్బతిన్నప్పుడు మామూలు మోతాదు చాలదు. అందుకే ఇంజెక్షన్లు గానీ, రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర గానీ ఇస్తారు. ఇంత పెద్ద మోతాదులో సుమారు ఒక శాతం ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అవసరం లేకుండానే పేగులోంచి లోపలికి వెళ్తుంది, అదే సరిపోతుంది. నరాల లక్షణాలున్నాయి కాబట్టి మీ అమ్మగారికి ఇంజెక్షన్లతో మొదలుపెట్టే అవకాశమే ఎక్కువ. రక్తం కొన్ని వారాల్లో కోలుకుంటుంది, నరాలకు నెలలు పడుతుంది. ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేసిన నష్టం పూర్తిగా పోకపోవచ్చు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం. అదే రక్తంతో థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చూపించండి, వాటిలో కొన్ని మతిమరుపు తెస్తాయి. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.

బి12 సరిగా ఉంటే అదనంగా వేసుకున్నందువల్ల జ్ఞాపకశక్తి పెరగదు. అప్పుడు కారణం ఇంకోచోట వెతకాలి.

ప్రశ్న: మెదడు ఆరోగ్యం కోసం రూపొందించిన మైండ్ డైట్ అనే ఆహార పద్ధతి పాటిస్తే అల్జీమర్స్ ముప్పు 53 శాతం తగ్గుతుందని చదివాను. నాకు 66 ఏళ్లు. నమ్మవచ్చా? ఏం ఎంత తినాలి?

జవాబు: ఆ అంకె నిజంగానే వచ్చింది, కానీ అది ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. షికాగోలోని రష్ విశ్వవిద్యాలయంలో మార్తా క్లేర్ మోరిస్ బృందం 923 మంది పెద్దవాళ్లను సగటున నాలుగున్నరేళ్లు గమనించి 2015లో దాన్ని ప్రచురించింది. ఈ తిండి బాగా పాటించినవాళ్లలో అల్జీమర్స్ అంత తక్కువగా కనిపించింది. అయితే అలా తినేవాళ్లు నడక, నిద్ర, వైద్యం విషయాల్లోనూ శ్రద్ధగా ఉండి ఉండవచ్చు. దాన్ని తేల్చడానికి 604 మందిని రెండు జట్లు చేసి, మొదటి జట్టుకు మైండ్ డైట్, రెండో జట్టుకు మామూలు తిండి అని మూడేళ్లు పరీక్షించారు. 2023లో వచ్చిన ఫలితంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో జట్టుకూ కేలరీలు తగ్గించమని చెప్పడంతో ఇద్దరూ బరువు తగ్గారు, జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో ఇద్దరి మార్కులూ కొంత మెరుగయ్యాయి. పైగా మెదడు జబ్బు దశాబ్దాల తరబడి పెరిగేది, మూడేళ్లు దానికి తక్కువే.

అయినా ఈ తిండినే తినమని మా సలహా. మెదడులోని సన్నని రక్తనాళాలకు కీడు చేసేవి అధిక రక్తపోటు, షుగరు, చెడు కొలెస్ట్రాల్. వాటిని అదుపులో ఉంచడానికి ఈ తరహా భోజనం పనికొస్తుందనడంలో సందేహం లేదు. మతిమరుపు రాదన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

కొలతలు ఇవి. ఆకుకూర వారంలో కనీసం ఆరు రోజులు, వండాక అర కప్పు. ఇతర కూరగాయలు రోజూ. పొట్టు తీయని ధాన్యాలు రోజుకు మూడుసార్లు. పప్పులు, చిక్కుడు జాతి గింజలు వారానికి నాలుగుసార్లు. గింజపప్పులు ఐదుసార్లు. బెర్రీ జాతి పళ్లు రెండుసార్లు. మాంసాహారులైతే చేప ఒకసారి, కోడిమాంసం రెండుసార్లు. వంటకు ఆలివ్ నూనె అన్నారు. అది దొరక్కపోతే వెన్న, వనస్పతి బదులు మరేదైనా ద్రవరూప వంటనూనె మితంగా వాడుకోండి. వేపుళ్లు వారానికి ఒకసారికి మించొద్దు, మిఠాయిలు ఐదుసార్లలోపే ఉండాలి.

చాలామంది పొరబడేది ఆకుకూర దగ్గర. ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఫోలేట్ అనే బి విటమిన్ వాటితోపాటే పోతుంది. కొద్ది నీళ్లతో మూతపెట్టి, మెత్తబడగానే దించండి. ఒక చెంచా నూనె వేయడం మానకండి. ఆకుకూరలోని విటమిన్ కె, ల్యూటిన్ కొవ్వుతోనే ఒంటబడతాయి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూర మానాల్సిన పనిలేదు గానీ, ప్రతివారం ఒకే మోతాదులో తినాలి, ఒక్కసారిగా పెంచితే మందు ప్రభావం తగ్గుతుంది. మూత్రపిండాల జబ్బుంటే పొటాషియం లెక్క డాక్టరును అడగండి.

ఉప్పు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, అంటే ఒక టీస్పూనులోపే. ఊరబెట్టినవీ, ప్యాకెట్ చిరుతిళ్లూ అందులోనే లెక్క. ఇంకొక్క మాట: ఫిన్లాండులో 60 నుంచి 77 ఏళ్ల వయసున్న 1260 మందితో రెండేళ్లు చేసి 2015లో వెల్లడించిన ఫింగర్ పరిశోధనలో మేలు కనిపించింది. అక్కడ తిండి ఒక్కటే మార్చలేదు. వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు వంటివాటి మీద నిఘా, అన్నీ కలిపి చేశారు.

ప్రశ్న: అక్రోటు మెదడు ఆకారంలో ఉంటుంది కాబట్టి మెదడుకు మంచిదంటారు. నిజమేనా?

జవాబు: ఆకారానికీ గుణానికీ సంబంధం లేదు. 63 నుంచి 79 ఏళ్ల వాళ్లు 708 మందితో రెండేళ్లు అక్రోటు పరీక్ష జరిగింది. మొత్తమ్మీద జ్ఞాపకశక్తిలో తేడా రాలేదు. బిస్కెట్ల బదులు రోజుకు 30 గ్రాములు, అంటే ఏడు అక్రోట్లో ఇరవైకి పైచిలుకు బాదంపప్పులో తింటే గుండెకు మంచిది. ఉప్పు వేయనివి ఎంచుకోండి. మామూలు తిండి మీద అదనంగా తింటే బరువు పెరుగుతుంది. నమలలేనివాళ్లకు మెత్తగా పొడి చేసి పెరుగులోనో జావలోనో కలపండి. చిక్కటి ముద్దగా పెట్టకండి, గొంతులో అతుక్కుంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు, షుగరుంది, గ్లిమిపిరైడ్ వాడతారు. సాయంత్రాలు తికమకగా మాట్లాడతారు, చెమటలు పడతాయి. ఏదైనా తింటే సర్దుకుంటుంది. మతిమరుపు మొదలైనట్టా?

జవాబు: తింటే సర్దుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది రక్తంలో చక్కెర పడిపోవడాన్ని. ఈసారి అలా ఉన్నప్పుడు గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజు, లేదా నీళ్లలో మూడు టీస్పూన్ల చక్కెర ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. కోలుకున్నాక తప్పకుండా భోజనం పెట్టండి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ అనే షుగరు మాత్రలు కూడా వాడుతుంటే చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వయసుతో ఆకలి తగ్గుతుంది, మూత్రపిండాలు మందగిస్తాయి. తిండి తగ్గినా మాత్ర మోతాదు పాతదే ఉంటే ఇలాగే జరుగుతుంది. ఈ వారంలోనే డాక్టరును కలిసి మోతాదు తిరగ చూపించండి. ఈ వయసులో షుగరును మరీ బిగించి ఉంచడం కంటే ఇలా పడిపోకుండా చూసుకోవడమే ముఖ్యం.

ప్రశ్న: జింకో బైలోబా అనే చెట్టు ఆకుల సారం, చేపనూనె మాత్రలు వేసుకోవచ్చా?

జవాబు: జ్ఞాపకశక్తి కోసమైతే డబ్బు దండగ. 75 ఏళ్లు దాటిన 3069 మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున జింకో ఇచ్చి చూశారు. 2008లో వచ్చిన ఫలితంలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) తగ్గలేదు. ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడేవాళ్లకు దానితో రక్తస్రావం భయం కూడా ఉంది. చేప తినేవాళ్లు చేపే తినండి, మాత్ర దానికి సాటి అని తేలలేదు.

ప్రశ్న: మా అత్తగారికి అల్జీమర్స్. కంచం ముందు కూర్చుని తినరు, చిక్కిపోతున్నారు. ఎలా తినిపించాలి?

జవాబు: ఈ దశలో జ్ఞాపకశక్తి ఆహారాల గురించి ఆలోచించకండి, బరువు నిలబెట్టడమే పని. పాత పథ్యాలు వీలైనంత సడలించవచ్చేమో డాక్టరును అడగండి. నెలకోసారి బరువు చూడండి. ఆరు నెలల్లో ఐదు శాతం తగ్గితే, అంటే 50 కిలోల మనిషి 47.5కి వస్తే, ఆలస్యం చేయకుండా చూపించాలి. పంటి నొప్పి, నోటి పూత, మలబద్ధకం, అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ వంటి మందులు ఆకలి చంపేస్తాయి.

తెల్ల కంచంలో తెల్లటి అన్నం ఆవిడ కంటికి ఆనకపోవచ్చు, ముదురు రంగు కంచం వాడండి. నాలుగు రకాలు ఒకేసారి ముందు పెడితే దేన్ని తీసుకోవాలో తోచదు. ఒక్కొక్కటే పెట్టండి. టీవీ ఆపేయండి. మీరూ ఎదురుగా కూర్చుని తినండి, చూసి చెయ్యి కదుపుతారు. చేత్తో పట్టుకుని తినగలిగే ముక్కలు ఇవ్వండి. మూడు పెద్ద భోజనాల బదులు ఐదారు చిన్నవి మేలు. నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. తాగుతుంటే దగ్గు రావడం, గొంతు గరగరలాడడం కనిపిస్తే మింగడంలో ఇబ్బంది ఉన్నట్టు. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి మింగడంలో ఇబ్బందులను కూడా చూసే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.

దాహం తెలియదు, అడగరు. మెలకువగా ఉన్నంతసేపూ గంటన్నరకోసారి అర గ్లాసు నీళ్లో మజ్జిగో మీరే అందించండి. ఒకటి రెండు రోజుల్లోనే తికమక బాగా ఎక్కువైతే జబ్బు ముదిరిందనుకుని ఊరుకోకండి. నీళ్లు తగ్గడమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్తగా ఇచ్చిన మందో కారణం కావచ్చు. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.